నాన్న కాలికి ఇనుప ముక్క దిగితే రెండు రోజులు తెలియనే లేదు. షుగర్ వల్లేనా?

పటమట పిల్ల:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది విజయవాడ పటమట. మా నాన్నకి 56 ఏళ్లు, ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పని చేస్తారు. షుగర్ వచ్చి 11 ఏళ్లు. పొద్దునొక మాత్ర, రాత్రొక మాత్ర, ఎప్పుడూ పెద్దగా ఇబ్బంది పడింది లేదు, "నా షుగర్ నా మాట వింటుంది" అంటుంటారు. ఈ కార్తీకంలో భవానీ మాల వేసుకున్నారు. మండల దీక్ష, 41 రోజులు కాళ్లకి చెప్పుల్లేవు, షాపులో కూడా అంతే. అమ్మ చెప్పింది, నేను చెప్పాను, ఎవరు వింటారు.

మొన్న సోమవారం ఇల్లు తుడుస్తుంటే వరండా నుంచి పూజ గది దాకా గచ్చు మీద గోధుమ రంగు మచ్చలు కనిపించాయి, అడుగుకొకటి చొప్పున. టీ ఒలికిందేమో అనుకుని తుడిచేశాను. మర్నాడు మళ్లీ అవే మచ్చలు. అప్పుడు అనుమానమొచ్చి నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి కుడి పాదం ఎత్తి చూస్తే, బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే చోట నల్లగా ఏదో ఉంది. నా ప్లక్కర్‌తో లాగితే ఇనుప ముక్క, బియ్యపు గింజ కంటే కాస్త పొడుగు, మెలి తిరిగి ఉంది. దాని వెనకే పలచటి నెత్తురు. నాకేమో చేతులు వణుకుతున్నాయి, ఆయనకి చీమ కుట్టినట్టైనా లేదు, నేను లాగుతున్నంతసేపూ టీవీ చూస్తూ "అయిపోయిందా?" అన్నారు.

నాకు అర్థం కానిది ఒకటే. షుగర్ ఉండేది రక్తంలో కదా, కాలికి స్పర్శ ఎందుకు పోవాలి? స్వీట్లు మానేసి పదేళ్లయింది, కాఫీలో కూడా చక్కెర వేసుకోరు. రెండేళ్ల కిందట రాత్రిళ్లు అరికాళ్లు మంటలని తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవారు, అది దానంతటదే తగ్గిపోయింది, హమ్మయ్య అనుకున్నాం కూడా. ఇప్పుడు పసుపు పెట్టి కట్టు కట్టాం. నొప్పి లేదు కాబట్టి దీక్ష విరమించాకే డాక్టర్ దగ్గరికి వస్తానంటున్నారు, ఇంకా 17 రోజులుంది. అంతవరకు ఆగొచ్చా?

బెంజిసర్కిల్ బాబు:

ఆగొద్దు సిస్టర్. ఇవాళే తీసుకెళ్లండి. లోపల ఇంకో ముక్క ఉందో లేదో ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు, టీటీ ఇంజెక్షన్ కూడా చివరిసారి ఎప్పుడు చేయించారో కనుక్కోండి. పాదం ఎర్రబడినా, వేడిగా తగిలినా, వాసన వచ్చినా, చలి జ్వరం వచ్చినా తెల్లారేదాకా కూడా ఆగకూడదు. మా మామయ్య విషయంలో మేం నాలుగు రోజులు ఆగాం. ఆ కథ ఇక్కడ వద్దులెండి.

డ్రెస్సింగ్ రూమ్, గుంటూరు:

పటమట పిల్ల గారూ, నేను స్టాఫ్ నర్సుని, 19 ఏళ్ల సర్వీసులో సగానికి పైగా పుండ్లకి కట్లు కట్టడంలోనే గడిచింది. ముందు చేయాల్సింది చెప్తాను, ఎందుకన్నది తర్వాత.

ఆ పసుపు కడిగేయండి. పసుపు మీద నాకేం కోపం లేదు, అది పూశాక లోపల ఎర్రగా ఉందా, చీము పట్టిందా అన్నది కంటికి కనపడదు, మా బాధ అదీ. పంపు నీళ్లు, సబ్బు చాలు, వేళ్ల సందులు తడి లేకుండా ఒత్తి, శుభ్రమైన గాజ్ గుడ్డ (మందుల షాపులో దొరికే పలచటి కట్టు గుడ్డ) వదులుగా చుట్టండి. కాఫీ పొడి, సున్నం, ఎవరో ఇచ్చిన ఆయింట్‌మెంట్, ఏదీ వద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఆ కాలు నేల మీద మోపనివ్వకండి. మామూలు మనిషికి కాలికి ముల్లు దిగితే కుంటుతాడు, ఆ కుంటడంలోనే సగం వైద్యం ఉంది, దెబ్బ తగిలిన చోట బరువు పడకుండా ఒళ్లు తనే చూసుకుంటుంది. మీ నాన్నగారు కుంటడం లేదు. రెండు రోజులు ఆ ముక్క మీదే నడిచారు. వెల్లూరు సీఎంసీలో 1946 నుంచి పని చేసిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు రోగుల మీద కనిపెట్టింది సరిగ్గా ఇదే. వాళ్ల వేళ్లు వాటంతటవి కుళ్లిపోవడం లేదు, నొప్పి తెలియక దెబ్బల మీద దెబ్బలు తగిలించుకుని పోగొట్టుకుంటున్నారు అని. తర్వాత షుగర్ వాళ్ల కాళ్లకీ అదే లెక్క వర్తించింది.

ఇప్పుడు మీ ప్రశ్న. తిన్న అన్నం గ్లూకోజై రక్తంలోకి వస్తుంది. అక్కణ్ణించి కండల్లోకీ కొవ్వులోకీ పోవాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి. నరాలకీ, కంటి వెనకుండే రెటీనాకీ, కిడ్నీల్లో వడపోత పని చేసే కణాలకీ అలా తలుపు తీసేవాళ్లతో పని లేదు, రక్తంలో ఎంతుంటే అంత లోపలికి వచ్చేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినట్టన్నమాట, ఎవర్నీ అడగలేదు. షుగర్ ఉన్న మనిషిలో కండలు పస్తుంటాయి, అందుకే నీరసం, వీటికేమో వరద. వరద నీళ్లలో నానిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా ఆ నరాలకి రక్తం మోసే సన్నటి నాళాలు కూడా ఇదే చక్కెరకి పాడవుతాయి, అటు వరద ఇటు పస్తు రెండూ.

పాలకోవా కాచేటప్పుడు చూడండి, కలిపే కొద్దీ తెల్లటి పాలు గోధుమ రంగుకి తిరుగుతాయి. పాలలో ఉన్న చక్కెర, మాంసకృత్తులు వేడికి ఒకదానికొకటి అతుక్కుంటే వచ్చే రంగది. ఒంట్లో పొయ్యి లేదు గానీ చక్కెర ఎక్కువుంటే అదే అతుకుడు నిదానంగా, ఏళ్ల తరబడి జరుగుతుంది, రక్తనాళాల గోడల్లో కూడా. హెచ్‌బీఏ1సీ అని రాస్తారే, అది ఈ అతుకుడు లెక్కే, ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర పట్టిందో చెబుతుంది. ఆ కణం బతికేది సుమారు 120 రోజులు, కాబట్టి రెండు మూడు నెలల జాతకం బయటపడుతుంది. పరీక్షకి ముందు రెండ్రోజులు కడుపు మాడ్చుకుంటే ఫాస్టింగ్ బాగా వస్తుందేమో గానీ ఇది కదలదు (మా దగ్గర ప్రతి వారం ఎవరో ఒకరు ప్రయత్నిస్తూనే ఉంటారు).

కాళ్లకే ముందు ఎందుకంటే, వెన్ను కింద నుంచి కాలి వేళ్ల దాకా పోయే నరం మనిషి ఒంట్లో అన్నిటికంటే పొడుగు, దాదాపు మీటరు. పొడుగు తీగే ముందు దెబ్బతింటుంది. రెండు కాళ్లకీ వేళ్ల దగ్గర మొదలై సాక్సు తొడిగినట్టు పైకి పాకుతుంది. చెమట పట్టించే నరాలు కూడా పోతాయి, కాళ్లు పొడిబారి మడమలు పగులుతాయి. పాదంలో చిన్న కండలు సన్నబడి వేళ్లు ముడుచుకుంటాయి, బరువంతా ఒకే చోట పడి ఆనెకాయ కడుతుంది, దాని కింద పుండు తయారవుతుంటుంది, పైకి ఏమీ కనపడదు.

మీ పోస్టులో నేను ఆగిపోయిన చోటు వేరే ఉంది. రెండేళ్ల కిందట మంటలు దానంతటవే తగ్గిపోయాయి అన్నారు. దెబ్బతింటున్న నరం గోల చేస్తుంది, మంటలు, సూదులు, తిమ్మిర్లు, ఏదో ఒకటి. చచ్చిపోయిన నరం ఊరుకుంటుంది. షుగర్ అదుపులోకి వచ్చి, మందులు వాడి మంటలు తగ్గడం ఒకటి. ఏమీ చేయకుండా తగ్గాయంటే మాత్రం ఆ రోజే కాళ్లు చూపించాల్సింది. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, వంద మందిలో తొంభై మంది మీలాగే సంతోషిస్తారు.

నేరేడు చెట్టు:

ఇంగ్లిష్ మందులు 11 ఏళ్లు వాడితే నరాలు పోక ఏమవుతాయి. పొడపత్రి, నేరేడు గింజల పొడి 40 రోజులు వాడి చూడండి, మాత్రలు పక్కన పెట్టేయొచ్చు. మా వీధిలో ముగ్గురికి నయమైంది.

డ్రెస్సింగ్ రూమ్, గుంటూరు:

నేరేడు గారూ, ఒక్క మాట వరకు మీరన్నది నిజం, షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరికి బి12 తగ్గి నరాలకి ఇబ్బంది వస్తుంది, అందుకే బి12 పరీక్ష చేయించుకోవాలి. అంతేగానీ కాలిలో పుండు పెట్టుకుని మాత్రలు ఆపమని చెప్పడం మాత్రం వద్దండీ. మాత్రలు పక్కన పెట్టినవాళ్లే తర్వాత మా రూముకి వస్తారు.

పాత స్టీరింగ్:

అమ్మాయ్, నేను 31 ఏళ్లు బస్సు నడిపాను, గుంటూరు కొత్తపేట మనిషిని. పాత బళ్లలో డ్రైవరు ఎడమ పక్కన ఇంజన్ ఉండేది, ఎండాకాలం ఆ మూత పెనంలా కాలేది. మాచర్ల వెళ్లి వచ్చేసరికి ఎడమ కాలి పక్కన చింతపిక్కంత బొబ్బ. కండక్టర్ చూసి "ఏంటన్నా ఇది" అన్నదాకా నాకు తెలియదు. నేనూ నొప్పి లేదుగా అన్నాను. నీళ్లు కారిపోయింది, ఎండిపోతుందిలే అనుకున్నాను, మూడు వారాలకి చిటికెన వేలు తీసేశారు. ఒక్క వేలితో పోయింది, నా అదృష్టం.

తీపి మానేశారన్నావు. నేనూ మానేశాను, లడ్డూ ముట్టింది లేదు. కానీ పొద్దున ఆరు ఇడ్లీ, మధ్యాహ్నం గోంగూర పచ్చడితో ఒకసారి, పప్పుతో ఒకసారి, మజ్జిగతో ఒకసారి, ఎంత అన్నం పోయిందో లెక్కే లేదు. అన్నం తీపిగా ఉండదు కాబట్టి అది షుగర్ కాదనుకున్నాం మనం. ఫాస్టింగ్ ఎందుకు ఎక్కువ వస్తుందని డాక్టర్ని అడిగితే, రాత్రంతా మీరు తినకపోయినా లివర్ చక్కెర వదులుతూనే ఉంటుంది, ఆపమని చెప్పాల్సిన ఇన్సులిన్ మాట అది వినడం లేదు అన్నాడు. నా మాట మా ఇంట్లో విన్నట్టే.

ఇప్పుడు రాత్రి పడుకోబోయే ముందు గడ్డం గీసుకునే అద్దం నేల మీద పెట్టి దాని పైన పాదం పట్టుకుని అడుగు భాగం చూసుకుంటాను. చెప్పులు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడుముతాను. ఒకసారి మనవడి గోళీ దొరికింది. స్నానానికి నీళ్లు కాలితో కాదు, మోచేత్తో చూసుకోవాలి, లేదా మీ అమ్మని చూడమనాలి. మీ నాన్నకి ఈ ముసలాడి మాటగా చెప్పు.

సూదుల అబ్బాయి:

నాది టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని రకం షుగర్, 11 ఏళ్ల వయసప్పటి నుంచి ఇన్సులిన్ సూదులే. ఇప్పుడు గుంటూరులో బీటెక్ మూడో సంవత్సరం. అంకుల్ విషయంలో ఒక్కటే చెప్తాను. పుండు ఉన్నప్పుడు షుగర్ ఇంకా పెరుగుతుంది, కాబట్టి డాక్టర్ కొన్నాళ్లు ఇన్సులిన్ రాసే అవకాశం ఉంది. అప్పుడు "అయ్యో, ఇన్సులిన్ దాకా వచ్చేసిందా" అని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టకండి, మా ఇంట్లో జరిగింది అది. టొరంటోలో 14 ఏళ్ల పిల్లాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చింది 1922 జనవరిలో. అంతకుముందు పుట్టి ఉంటే నేను ఈ రిప్లై రాసేవాణ్ణి కాదు. సూది దోమ కుట్టినంత కూడా ఉండదు, ప్రామిస్.

పటమట పిల్ల:

అందరికీ థ్యాంక్స్. స్టీరింగ్ తాతయ్య గారి పోస్టు నాన్నకి చదివి వినిపించాను, వేలు దగ్గరికి వచ్చేసరికి టీవీ సౌండ్ తగ్గించారు. మర్నాడు సూర్యారావుపేట వెళ్లొచ్చాం.

ఎక్స్‌రేలో ఇంకో ముక్క లేదు, ఎముకకి ఏమీ కాలేదు. కాలిలో నాడి బాగానే కొట్టుకుంటోంది, రక్తప్రసరణ పర్లేదు అన్నారు. తర్వాత నైలాన్ దారం ముక్కలాంటిది తీసి, నాన్నని కళ్లు మూసుకోమని, పాదంలో అక్కడక్కడా ఆనించి తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. దారం వంగేటంత నొక్కుతున్నారు, నాకు కనిపిస్తోంది. నాన్న మాట్లాడటం లేదు. కుడి కాలికి పది చోట్ల పెడితే రెండుసార్లు "ఆ" అన్నారు, ఆ రెండుసార్లూ డాక్టర్ చేతిలో దారం గాల్లోనే ఉంది. అమ్మ బయటికి వెళ్లిపోయింది.

హెచ్‌బీఏ1సీ 9.4. అంటే సగటున 223 దగ్గర ఉన్నట్టట. నెలకోసారి ఫాస్టింగ్ చూపించుకుని 140, 150 అని ఇంటికి వచ్చేవారు, అదే "మాట వినడం". మూత్రంలో కొంచెం ప్రొటీన్ పోతోంది. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది, కానీ అది చాలా ఆలస్యంగా పెరుగుతుంది కాబట్టి ధీమా వద్దన్నారు. కళ్లకి చుక్కలు వేసి చూడాలట, ఎల్లుండి రమ్మన్నారు. సూదుల అబ్బాయి చెప్పినట్టే పుండు మానేదాకా ఇన్సులిన్ రాశారు, ఏడుపులు కొంచెం తగ్గించుకున్నాం.

ఇంకొకటి, డాక్టర్ దగ్గర అడగడం మర్చిపోయాను. మాల వేసుకున్న మొదటి వారంలో పొద్దున మాత్ర వేసుకుని పూజలో కూర్చుని పన్నెండు దాకా ఏమీ తినకుండా ఉండేవారు. ఒకరోజు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబడింది. పక్కనున్న భవానీ ఒకాయన అమ్మవారు పూనిందని హారతి ఇచ్చారు. ప్రసాదం బెల్లం తినగానే సర్దుకుంది. ఇది కూడా షుగరేనా?

డ్రెస్సింగ్ రూమ్, గుంటూరు:

మాత్రల అట్ట మీద గ్లిమెపిరైడ్ అని ఉందేమో చూడండి. ఉంటే అది షుగర్ పడిపోవడమే, 70 కంటే కిందికి పోతే లో షుగర్ అంటాం. ఆ మాత్ర మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి నెడుతూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే సాధారణంగా అలా కాదు. ఇప్పుడు ఇన్సులిన్ కూడా తోడైంది, కాబట్టి పూట తప్పించడం అస్సలు కుదరదు, ఈ చెమటల సంగతి రేపే డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి, డోసు మార్చాల్సి ఉంటుంది. మళ్లీ అలా వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఇదే సందర్భంలో ఇంకోటి కూడా చెప్పేస్తాను, భయపెట్టడానికి కాదు. నొప్పి తెలియకపోవడం కాలితో ఆగదు. గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి లేకుండా, ఊరికే ఆయాసం, చెమటలు, కడుపులో తిప్పినట్టుండటం అంతే ఉండొచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగించకుండా ఈసీజీ తీయించండి. కంటి పరీక్షకి వెళ్లేటప్పుడు ఎవరైనా తోడు వెళ్లండి, చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఎండ చూడలేరు, బండి నడపకూడదు. షుగర్ తగ్గుతున్న కొత్తలో చూపు అటూ ఇటూ అవుతుంది, ఆ నెలలో కొత్త కళ్లజోడుకి డబ్బు తగలేయొద్దు.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. వాళ్లలో ఎంతమంది పాదం అడుగు చూసుకుంటారో నాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. మాల సంగతి ఏం చేశారు?

పటమట పిల్ల:

గ్లిమెపిరైడే. పొద్దునే ఫోన్ చేశాం, ఆ మాత్ర ఆపేసి ఇన్సులిన్ డోసు కూడా తగ్గించారు, మూడు పూటలా టైముకి తినాలన్నారు.

మాల గురించి గురు భవానీ గారిని నేనే వెళ్లి అడిగాను. ఆయన నాన్న కాలు చూసి, నా మొహం చూసి, "అమ్మవారు కాలు పోగొట్టుకోమని అడిగిందా భవానీ" అన్నారు. చెప్పులు వేసుకోవచ్చు, టిఫిన్ తినొచ్చు, గిరి ప్రదక్షిణ వద్దు, ఇరుముడి కొండ మీదికి ఆటోలో తీసుకెళ్లమన్నారు. ఆయనకీ షుగరేనట, తొమ్మిదేళ్లుగా. వెళ్లేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, ఆ దారం పరీక్ష ఎంత తీసుకుంటారని అడిగారు.

నాన్న రాత్రి ఒక్కరే కూర్చుని కళ్లు మూసుకుని పెన్ను మూతతో ఎడమ కాలు పొడుచుకుంటుంటే చూశాను. ఎడమ కాలికి ఇంకా కొంచెం తెలుస్తోందట. ఏమీ చూడనట్టు లోపలికి వచ్చేశాను.

పుండు మీద బరువు పడకుండా ప్రస్తుతానికి ఫెల్ట్ అతికించి కట్టు కట్టారు, షాపుకి సెలవు పెట్టించాం. మానాక ఎంసీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరు అడుగున్నవి), వెనక బెల్టు ఉన్నవి వాడమన్నారు. కాళ్లు సాయంత్రానికి కొంచెం వాస్తాయి కాబట్టి కొలత సాయంత్రమే ఇవ్వాలట, నిన్న అలాగే ఇచ్చొచ్చాం. నలుపు, గోధుమ రంగు తప్ప లేవన్నారు షాపులో. మాలలో ఉన్నప్పుడు ఎరుపే కావాలని నాన్న పట్టుబట్టారు. ఎర్ర రెగ్జిన్ తెచ్చిస్తే పైన పట్టీలకి కుట్టిస్తానన్నాడు షాపతను. ఇప్పుడు వన్‌టౌన్‌కి రెగ్జిన్ కొనడానికి బయల్దేరుతున్నాం.